ఎండ బదులు

ధనిష్ఠ కార్తె

సభ నుంచి ఇప్పుడే దిగి వచ్చాను. మోకాళ్ళు పట్టేశాయి, గొంతు పోయింది. మేం కాపురం ఉండే ఈ పాత బొగ్గు గనిలో పైనున్న ఒకటో మెట్టు దాకా ఎక్కడం, అరవడం, మళ్ళీ అడుగునున్న మా తొమ్మిదో మెట్టు దాకా దిగడం. మా మెట్టు వాళ్ళకు రాజకీయం అంటే ఇంతే.

ఆరో మెట్టు మిరపలో తెల్లదోమ పడింది. చెట్టు కదిపితే పిండి చల్లినట్టు లేస్తోందట. పోయిన వసంతంలో ఈ దోమే మొత్తం గనిని అంబలి మీద బతికించింది. అందుకని సభ పెద్ద, ఒకటో మెట్టు గట్టయ్య కాకా ఒక ఉపాయం తెచ్చాడు. ఈసారి తొమ్మిదో మెట్టు నిండా ఎర పంట వేయాలట. దోమకు ఇష్టమైన వంగా, బెండా వేసి దాన్ని కిందికి లాగి, అది మరిగి గుడ్లు పెట్టాక చెట్లతో సహా పీకి కాల్చాలట. పైన ఎనిమిది మెట్లూ బతుకుతాయట.

"మరి మేమేం తినాలె?" అన్నాను.

"పైకెల్లి పంపుతం గద బిడ్డా. మిమ్ముల పస్తులుంచుతమా?"

"పంపుడెందుకు కాకా, ఎర మీ మెట్టు మీద ఎయ్యి. మేం పంపుతం మీకు."

నవ్వారు. ఎవరో వెనక నుంచి "కాయితాల పిల్ల మొదలుపెట్టింది" అన్నారు. నా పేరు స్వరూప అని వాళ్ళకు తెలుసు. నా దగ్గర ఒక రేకు డబ్బా ఉంది, అందులో పాతకాలం కరపత్రాలు ఉన్నాయి. సగం సంఘాల కరపత్రాలు, సగం వ్యవసాయం వాళ్ళు పంచినవి. చదువు చెప్పేవాళ్ళు లేక వాటితోనే చదువు నేర్చుకున్నాను. దానికి ఈ పేరు. పెట్టుకోనీ.

నేను బల్ల గుద్ది చెప్పాను. ఎర అక్కర్లేదు, తోడు మొక్కలు వేస్తాం, ఒక మొక్క ఇంకొక మొక్కను కాస్తుంది, ఎవరినీ బలి ఇవ్వనక్కర్లేదు అని. గట్టయ్య కాకా గడ్డం గోక్కున్నాడు.

"సరే. అశ్విని కార్తెకు నీ మడిల పండిన టమాట తెచ్చి నా చేతుల పెట్టు. ఎర మాట మళ్ళ ఎత్తను. తేకపోతే మాత్రం తొమ్మిదో మెట్టు ఎప్పటికీ ఎరమెట్టే. ఒప్పుకున్నట్టేనా?"

ఒప్పుకున్నాను. మా మెట్టు వాళ్ళను అడిగి ఒప్పుకోవాల్సింది. కోపంలో ఉన్నాను.

శతభిష కార్తె

మట్టి జల్లెడ పట్టడం అయింది. గనిలో బొగ్గయితే మా తాతల కాలానికే అయిపోయింది కాని నుసి మాత్రం తరగదు. గోడ నుంచి రాలుతూనే ఉంటుంది. పొద్దున తుడిచిన ఆకు సాయంత్రానికి నల్లబడుతుంది. నీళ్ళు గని అడుగున ఊట దగ్గర నుంచి కావడితో మోయాలి. ఈ రెండు పనులకే మనిషి సగం అరిగిపోతాడు. మిగిలిన సగంతో విప్లవం చేయాలి.

లచ్చవ్వ, నేను కూర్చుని తోట గీశాం. లచ్చవ్వ మా అమ్మమ్మ చెల్లెలు. నన్ను పెంచింది ఆమే. పైన నేల మీద పుట్టి, ఎండకు మనుషులు రాలిపోతున్నప్పుడు పసిపిల్లగా తల్లి చంకన దిగివచ్చిందట. పైన ఎట్లా ఉండేదని అడిగితే "ఉక్కపోత" అంటుంది. ఇంకేమీ గుర్తు లేదు. పగలంతా గుడిసె గుంజ నీడలో చాప వేసుకుని కూర్చుంటుంది. ఎప్పుడూ ఒకటే చోటు. అక్కడ నేల గుంట పడింది.

కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. దోమ వచ్చే వైపున జొన్న వంటి ఎత్తు పైరు గోడలా వేయాలి. దోమ దాన్ని దాటడానికి తంటాలు పడుతుంది. జొన్న మీదికి బొబ్బర తీగ పాకించాలి, అది నేలకు బలం ఇస్తుంది. లోపల టమాటా, సాళ్ళ మధ్య ఉల్లి, గట్ల వెంట బంతి.

"దోమ యాడికెల్లొస్తది?" అంది అవ్వ.

"యాడికెల్లొస్తది, ముందటికెల్లే. వెనక గోడనే గద."

మా మెట్టు ఒక పొడుగాటి అరుగు. వెనక రాతి గోడ, ముందు గని నోరు. గాలి వచ్చినా, దోమ వచ్చినా, పైన ఒడ్డు మీది అద్దం కిందికి పంపే ఎండ వచ్చినా ముందు నుంచే. కాబట్టి జొన్నను ముందు వరసలో పెట్టాం, దాని వెనక టమాటా.

"జొన్న ముందుగాల సిపాయి లెక్క నిలవడ్తది," అంది అవ్వ, పొగాకు నములుతూ. "టమాట ఎనక దొరసాని లెక్క కూసుంటది."

"దొరసానులు లేరు అవ్వా మన తోటల."

"అబ్బ, సామెతకన్నానే. నీతోని మాట్లాడుడే తప్పు."

గీసిన తోట చూసుకుంటే కడుపు నిండినట్టుంది. కింద రాసుకున్నాను: ఎవరి నీడా ఎవరి మీదా పడని లోకం కావాలి. రాసుకున్న పెన్ను విరిగిపోయింది.

పూర్వాభాద్ర

జొన్న నా నడుము దాటింది. బొబ్బర తీగ దాన్ని చుట్టుకుని ఎక్కుతోంది. ఎనిమిదో మెట్టు వాళ్ళు అంచు మీద నుంచి తొంగి చూసి పోతున్నారు. నేను చూడనట్టు నటిస్తున్నాను.

కాని టమాటా సరిగా లేదు. చివర్లలో ఉన్న మొక్కలు బాగానే ఉన్నాయి, పూత కూడా పట్టాయి. జొన్న వెనక ఉన్నవన్నీ సన్నగా సాగి, పాలిపోయి, పసుపు రంగుకు తిరిగాయి. బూడిద వేశాను, పేడనీళ్ళు పోశాను. లాభం లేదు.

ఎండ చాలడం లేదు. అది తెలుస్తూనే ఉంది. అయితే తప్పెవరిది? ప్రతి మెట్టుకూ పైన గని ఒడ్డు మీద ఒక అద్దం ఉంది. మాది ఒక బీరువా తలుపూ, కొన్ని బస్సు అద్దాలూ, పగిలిన షోకేసు ముక్కలూ కలిపి బిగించింది. మా తాతలు దిగేటప్పుడు ఎవరికి ఏది దొరికితే అది తెచ్చారు. ఒకటో మెట్టు వాళ్ళకు సొంత ఎండ పడుతుంది, అయినా అందరికన్నా పెద్ద అద్దం వాళ్ళదే. దాని సంగతి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు ఓపిక లేదు.

మా అద్దానికి కాపరి ఓదెలు. అత్త కొడుకు, బావ వరస. ఈ పూట కూటికి దిగినప్పుడు అందరి ముందూ పట్టుకున్నాను.

"అద్దం ఎటు తిప్పుతున్నవ్ బావా? ఎవరి మెట్టుకు అమ్ముతున్నవ్ మా ఎండ?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వాడి ముఖం మీద ఎండకు లేచిన పొక్కులు ఇంకా ఆరలేదు.

"ఏమన్నవే?"

"ఇనవడ్డదే అన్న."

వాడు ముద్ద కంచంలో పెట్టి లేచాడు. "తడి గోనె కప్పుకోని రేపు నాతోటి పైకి రా. నువ్వే నిలవడు. నువ్వే తిప్పు. అప్పుడు మాట్లాడు."

అవ్వ నా వైపు చూడలేదు. కంచం తీసి కడిగింది.

ఉత్తరాభాద్ర

పైకి వెళ్ళి వచ్చాను. ఒళ్ళంతా సలుపుతోంది, అయినా రాయాలి.

ఒడ్డు ఎక్కాక మొదట ఏమీ కనబడలేదు. అంత వెలుతురు. తడి గోనె కప్పుకుంటే ఆవిరి లేస్తుంది. ఓదెలు ఒక బొంతరాయి మీద కూర్చుని అద్దం కర్రను వేలితో తోసినట్టు తోస్తున్నాడు.

"ఎందుకు కదిలిస్తున్నవ్? నిలవెట్టి ఊకోరాదు?"

"పొద్దు ఊకుంటలేదు గద. అది జరుగుతాంటే నేను దీన్ని జరపాలె. అప్పుడే మీ మెట్టు మీద ఎండ ఒక్కకాడ నిలుస్తది. నా బతుకంత అదే పని."

నాకు అర్థం కాలేదు. అది చూసి వాడు ఒక రాయి తీసి, అద్దం గుంజ నీడ కొసన పెట్టాడు. "దీన్నే చూడు. ఇంకేం చూడకు" అన్నాడు. చూస్తూ కూర్చున్నాను. దాహం వేసింది, ఒకసారి తల తిప్పి నీళ్ళు తాగాను. మళ్ళీ చూస్తే రాయి ఉంది, దాని మీద నీడ లేదు. పక్కకు పోయింది.

"గుంజను ఎవరు కదిపిన్రు?" అన్నాను.

ఓదెలు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ పొక్కులు నొప్పి పుట్టి ఆగాడు. "నీడ నడుస్తది పిల్లా. పైన నడుస్తది. పొద్దటికి ఒకతాన, మాపటికి ఒకతాన. ఒకటో మెట్టోళ్ళ నడుగు, వాళ్ళకెర్కనే."

ఎవరిని అడగాలి? నేనెవరినీ అడగలేదు.

కరపత్రం రాసినవాడి పొలం మీద ఎండ తూర్పు నుంచి పడమరకు పోతుంది. జొన్న నీడ పొద్దున ఒక సాలు మీద, సాయంత్రం ఇంకో సాలు మీద పడుతుంది. అందరికీ కాస్త, ఎవరికీ పూర్తిగా కాదు. మా తొమ్మిదో మెట్టు మీద ఎండ ఒక్క అద్దం నుంచి, ఒక్క చోటు నుంచి వస్తుంది. నా జొన్న నీడ మొలిచిన రోజు నుంచి ఆ టమాటా మీదే నిలబడి ఉంది. సభకు పైకెక్కేదీ రాత్రిపూటే, నేను పుట్టిన దగ్గర నుంచి చూసిన నీడలన్నీ నిలబడే ఉన్నాయి. నీడ అంటే నల్లటి నేల అనుకున్నాను.

దిగేటప్పుడు ఓదెలు నీళ్ళ కుండ నేనే మోశాను. వాడు వద్దనలేదు.

అదే కార్తె, తర్వాత

దారి ఒకటుంది. అద్దాలు ఒడ్డు పొడుగునా వరసగా ఉన్నాయి. ఒక కొసన ఒకటో మెట్టుది, నడుమ ఆరో మెట్టుది, ఇంకో కొసన మాది. పొద్దున ఆ కొస అద్దం, తర్వాత నడిమిది, తర్వాత మాది వంతులుగా మా మెట్టు మీదికి తిప్పితే నీడ ఇటు నుంచి అటు నడుస్తుంది. జొన్నా బతుకుతుంది, టమాటా బతుకుతుంది.

మాకు ఎండ బదులు అనే ఆచారం ఉంది. ఒక మెట్టు మీద చావో పురుడో అయి తడి ఆరకపోతే పక్క మెట్టు తన అద్దం అటు తిప్పి ఎండ ఇస్తుంది. తీసుకున్నవాళ్ళు తర్వాత తిరిగి ఇవ్వాలి. పాతకాలంలో నాట్లకు ఒకరి మడికి ఒకరు బదులు పోయేవారట, అట్లాగే. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా బదులు ఉంచుకునే మెట్టా అని అడుగుతారు. అయితే బదులు అడగాలంటే ఎప్పుడైనా ఇచ్చి ఉండాలి. మా ఎండ ఎవరూ ఎన్నడూ తీసుకోలేదు. బీరువా తలుపు ఎండ ఎవరికి కావాలి?

అయినా ఎక్కి అడిగాను. గట్టయ్య కాకా కోపం చేయలేదు. అదే ఎక్కువ మండించింది.

"దోమ దినాలు బిడ్డా. ఎవలి ఎండ వాళ్ళకే చాల్తలేదు. మీరేనాడన్న మాకిచ్చిన్రా, మేమియ్యనీకె?"

"అడిగితే ఇద్దుము గద!"

"అడగబుద్ధి కావాలె గద."

జొన్న కోసేద్దామని కొడవలి పట్టుకుని దిగాను. అవ్వ జొన్న ముందు అడ్డం నిలబడింది.

"పొట్ట మీదున్న పైరును కోస్తవా? నన్ను కొయ్యి ముందుగాల."

కొడవలి పక్కన పడేశాను. అలసిపోయాను. ఇద్దరం జొన్న నీడలోనే కూర్చుని బొబ్బర కాయలు ఒలిచాం.

రేవతి కార్తె

దోమ దిగింది.

జొన్న గోడ దాన్ని ఆపలేదు. కారణం ఓదెలు చెప్పాడు. వాడు పై నుంచి చూస్తే మా మెట్టు ఒక్కటే పసుపుపచ్చగా కనబడుతుందట. తెల్లదోమకు పసుపు రంగు మీద పిచ్చి. ఆ సంగతి నా డబ్బాలో ఇంకో కరపత్రంలో ఉంది, పసుపు రేకులకు జిగురు పూసి కట్టమని. చదివాను. నా టమాటాకు కలిపి ఆలోచించలేదు. ఎండ లేక పాలిపోయిన ఆ మొక్కలు గనిలోని దోమనంతా పిలిచాయి. ఆరో మెట్టు మిరప మీద ఇప్పుడు వెతికినా కనబడటం లేదట. గట్టయ్య కాకా మనిషిని పంపాడు. "కాకా మెచ్చుకున్నడు. ఎర మంచిగ పనిజేసిందన్నడు" అని చెప్పి వచ్చినవాడు వెళ్ళిపోయాడు. రాయి విసిరాను, తగల్లేదు.

అసలు సంగతి ఇది. చివర్లలో ఉన్న మంచి మొక్కలకు కాయలు పట్టాయి. కొన్ని దోరకు తిరిగాయి. వారం ఆగితే పండుతాయి. తెంపి తీసుకెళ్ళి కాకా చేతిలో పెడితే నేను గెలుస్తాను, తొమ్మిదో మెట్టు మళ్ళీ ఎప్పుడూ ఎర కాదు. కాని ఆకుల వెనక గుడ్లు నిండా ఉన్నాయి. వారం ఆగితే అవి పొదిగి, కొత్త దోమ రెక్కలు ఆరబెట్టుకుని పైకి పోతుంది. ఈసారి ఎనిమిది మెట్ల మీదికీ.

పోనీ అనిపించింది. రాస్తున్నాను కదా, అబద్ధం ఎందుకు. పోనీ, ఒక్క ఏడాది వాళ్ళూ అంబలి తాగనీ అనిపించింది.

"అవ్వా, ఆగుదామా?"

అవ్వ ఆకు తిప్పి చూసి, వేలితో గుడ్లను నలిపింది. "గెలుస్తవు. ఆరో మెట్టు మీద నీ దోస్తు సుగుణకు మొన్ననే కాన్పయింది. దానికి పాలు పడాలెనంటే ఏం దిని పడాలె?"

వేళ్ళు కొంగుకు తుడుచుకుని గోనెసంచులు వెతకడానికి లేచింది.

మర్నాడు

పీకేశాం. వెలుతురులో చెట్టు కదిపితే దోమ లేస్తుంది, చీకట్లో ముడుచుకుని ఉంటుంది. అందుకని అద్దం మా మీద నుంచి తిప్పేయమని ఓదెలుకు చెప్పాను.

"ఎటు తిప్పాలె?"

"ఆరో మెట్టుకు. దోమ తినంగ మిగిలిన మిరప ఉన్నది గద, కోలుకుంటది."

మెట్టు మసకబడింది. అందరం బయటికి వచ్చాం, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఒకరు తడి గోనెసంచి పట్టుకుంటే ఒకరు మొక్క మీద మెల్లగా దించి, వేరుతో లాగి, మూతి బిగించాలి. జొన్న మీద చేయి పడకుండా చూసుకోవాలి. దోర కాయలున్న మొక్కల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. అవీ సంచిలోకి పోయాయి. ఒక్క కాయ కూడా ఉంచలేదు. అన్నీ అడుగున గుంటలో కాల్చాం. పచ్చి టమాటా కాలుతుంటే కూర వాసన వచ్చింది. అందరికీ ఆకలి వేసింది.

దోమ తీరిందని నమ్మకం కుదిరేదాకా అద్దాన్ని ఆరో మెట్టు మీదే ఉంచాం. మసకలోనే వండుకున్నాం, మసకలోనే ఉతుక్కున్నాం.

అశ్విని కార్తె

ఉత్త చేతులతో సభకు వెళ్ళాను.

"టమాటలేవి బిడ్డా?" అన్నాడు గట్టయ్య కాకా. ఏమయ్యాయో ఆయనకు తెలుసు.

"లేవు. ఓడిపోయిన."

నేను అరుస్తానని అందరూ ఎదురుచూశారు. నాకూ అట్లాగే అనిపించింది, కాని మామూలు గొంతుతోనే చెప్పాను.

"ఓడిన కాకా, కాని మాట మీద నిలవడను. మా మెట్టోళ్ళ నడగకుండ ఇచ్చిన మాట అది. ఎర కావాలెనన్నది నిజమే, కండ్లతోటి చూసిన. ఎవలో ఒకలు ఎయ్యాలె. అయితే వంతు పెట్టున్రి. ఈ యేడు తొమ్మిది, వచ్చే యేడు ఒకటి."

గోల లేచింది. ఒకటో మెట్టు వాళ్ళు లేచి నిలబడ్డారు. మాట తప్పినదాన్ని సభలోకి ఎందుకు రానిచ్చారని ఒకడు అరిచాడు. ఆ గోలలో సుగుణ, చంకన బిడ్డతో, మెల్లగా ముందుకు వచ్చింది.

"వంతుల ముచ్చట మీరు మీరు తేల్చుకోన్రి. మా మెట్టు మాత్రం తొమ్మిదో మెట్టుకు ఎండ బదులున్నది. వాళ్ళు చీకట్ల కూసోని మాకిచ్చిన్రు. రేపటికెల్లి మా అద్దం వాళ్ళకు తిప్పుతం. బదులుంచుకునే మెట్టని మా బిడ్డలకు పేరొద్దు."

గట్టయ్య కాకా గడ్డం గోక్కున్నాడు. దోమ మా మెట్టు మీదే కాలిపోబట్టి ఆరో మెట్టు మిరపతో పాటు ఒకటో మెట్టు మీది ఆయన మిరపా బతికింది. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ అనలేదు. చివరికి ఆయనే అన్నాడు.

"మా అద్దం గూడ పొద్దుగాల పొద్దుగాల కొంచెం సేపు తిప్పుతం. వంతు సంగతి మాత్రం మళ్ళ సభల."

"మళ్ళ సభకు గూడ ఎక్కొస్త కాకా."

"ఎర్క బిడ్డా. నా చెవులు ఇంకా బతికే ఉన్నయి."

అశ్విని, మూడో నాడు

టమాటా మడిలో కొత్త నారు పెట్టాను. ఎండలు ముదిరేలోపు కాస్తుందో లేదో తెలియదు. చేతులకు బొబ్బలు, నడుము వంగడం లేదు. ఇంకా నీళ్ళు మోయాలి.

పొద్దున మొదట ఒడ్డు ఆ కొస నుంచి పెద్ద అద్దం వెలుగు పడింది. కాసేపటికి అది ఆరిపోయి నడిమి అద్దం వెలిగింది. తర్వాత మా బీరువా తలుపు. జొన్న నీడ ఒక సాలు వదిలి ఇంకో సాలు మీదికి పోయింది, అక్కడి నుంచి ఉల్లి మీదికి. పిల్లలు దాని వెంట పరుగెత్తి తొక్కుతున్నారు, మొక్కలు చూసుకోమని అరిచాను.

గుడిసె గుంజ నీడ లచ్చవ్వ కూర్చునే గుంట మీద నుంచి కూడా జరిగింది. ఎండ ముఖం మీద పడగానే అవ్వ కళ్ళు చిట్లించింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మాట మధ్యలో ఆపకుండా, పొగాకు నములుతూనే, ఒక చేత్తో చాప లాక్కుని నీడ పోయిన చోటికి జరిగి కూర్చుంది. మళ్ళీ నీడ జరిగితే మళ్ళీ జరిగింది.

"ఇట్ల జరుగుడు ఎవరు నేర్పిన్రు అవ్వా?" అన్నాను.

"ఏంది?" అంది.